ప్రజల బ్రతుకు – ప్రజల ఆరోగ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)

చరకసంహిత విమానస్థానమున మూడవ అధ్యాయమునకు 'జనపదోద్ధ్వంసనీయ' మని పేరు. గ్రీష్మము కడపటి దినములలో, పాంచాలదేశమున కాంపిల్యనగరము చెంత, గంగాతీరపు వనమున పునర్వసు ఆత్రేయుడు శిష్యులతో సంచరించుచు అగ్నివేశునితో నొక మాట చెప్పును. గాలియు, నీరును, నేలయు తమ స్వభావమును తప్పుచున్న లక్షణములు కనబడుచున్నవి. భూమి తన రసమును కోల్పోవక మునుపే ఓషధులను సేకరించి దాచుకొనవలయు నని ఆ మాటకు భావము. అంతట అగ్నివేశుడు ప్రశ్నించును: మనుష్యుల ప్రకృతులు వేరు, ఆహారములు వేరు, బలములు వేరు, వయస్సులు వేరు. ఇన్ని విధముల వేరైన మనుష్యులు ఒక్క కాలమున ఒక్క వ్యాధిచే ఏల నశింతురు? వైద్యశాస్త్రమున ఇంతకంటె గట్టి ప్రశ్న అరుదు.

ఆత్రేయుని సమాధానము రెండు మెట్లుగా నున్నది. వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును అందరకు ఉమ్మడి సొత్తు. అవి చెడినచో బలవంతుడును బలహీనుడును కలిసి చెడుదురు. ఇది మొదటి మెట్టు. ఈ నాలుగును ఏల చెడును? అధర్మము వలన. దేశములకు, నగరములకు, జనపదములకు పెద్దలైనవారు ధర్మము దాటి ప్రజలను నడపుదురు. వారి నాశ్రయించినవారును, వ్యవహారోపజీవులును ఆ అధర్మమును పెంచుదురు. ఇది రెండవ మెట్టు. వ్యవహారోపజీవులనగా ఇచ్చిపుచ్చుకొనుటలపై బ్రతుకువారు. లెక్కలు వ్రాయువారును ఆ మాటనుండి తప్పించుకొనజాలరు.

పండితు లీ అధ్యాయమును మశూచి, విషూచి వంటి ఉపద్రవములకే పరిమితము చేసి చదువుట కలదు. కాని ఒక్కమారు వచ్చి ఊరిని ఊడ్చుకొనిపోవు వ్యాధి యొకటి, ముప్పదియేండ్లు మెల్లగా ఒక స్త్రీ మెడను వంచు వ్యాధి యొకటి. రెండవదానిని గూర్చియు అగ్నివేశుని ప్రశ్న వేయవచ్చును.

ఐరోపాఖండమునను ఈ ప్రశ్న వేసినవాడు కలడు. 1848లో ఎగువ సైలీషియా ప్రాంతమున టైఫస్ జ్వరము వ్యాపింపగా, ప్రష్యా ప్రభుత్వము రుడాల్ఫ్ విర్షో అను ఇరువదియారేండ్ల వైద్యుని విచారణకు పంపెను. జ్వరమునకు మందు చెప్పునని పంపినవా రనుకొనిరి. ఆయన ఆ ప్రజలకు విద్య, స్వపరిపాలన, న్యాయమైన పన్నులు, రోడ్లు, మెరుగైన వ్యవసాయము కావలయునని వ్రాసి యిచ్చెను. ప్రభుత్వమునకు ఆ నివేదిక రుచింపలేదు. పిమ్మట నూటయరువదియేండ్లకు, 2008లో, ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమించిన సంఘము మైకేల్ మార్మట్ అధ్యక్షతన ఇంచుమించు అదే తీర్పు ననేక దేశముల లెక్కలతో వెలువరించెను.

దూరదేశముల మాట యటుండనిండు. కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో ఈ విషయమును గ్రహించుటకు తునికాకు వెంట నడచుట చాలును. 2016 అక్టోబరున ఆ రెండు పాత జిల్లాలు పలు జిల్లాలుగా విడివడినవి గాని, ఆకు నడచు త్రోవ మారలేదు. అది అడవిలో గోండు, కోలాము స్త్రీల చేత పుట్టి, గోదావరి దాటి, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల సీమల అరుగులపై బీడీయై తేలును. ఆ త్రోవలో రెండు కొసలయందును మనుష్యశరీరములు అరుగుచున్నవి.

అడవి కొస మొదట. తునికిచెట్టును వేసవికి ముందు కొట్టినచో లేతచిగురు వేయును. ఆ చిగురాకును ఏప్రిలు, మే మాసములలో కొన్ని వారములలోనే తెంపి ముగింపవలయును. ముదిరిన ఆకు బీడీకి పనికిరాదు. కోడికూతకు ముందే తల్లి, పిల్లలు, ముసలివారు అడవికి పోవుదురు. తెచ్చిన ఆకును ఇంటికడ ఏబదేసి ఆకుల కట్టలుగా కట్టి, కల్లమున కల్లేదారునకు లెక్క యప్పగించి, అచ్చటనే యెండలో పరచుదురు. వేయి కట్టల కొక బస్తా లెక్క. అనగా ఒక్క బస్తాకు 50,000 ఆకులు, 50,000 మారులు చేయి చాచుట. ఆదిలాబాదు ఎండ 45 డిగ్రీలు దాటు దినములవి. వడదెబ్బ యనునది ఆ యెండ గుణమే యని అందరు నందురు. నీడపట్టున కూర్చుండి వ్రాయువానిపైనను ఆ యెండయే కాయును. అతనికి వడదెబ్బ తగులదు.

కట్ట వెలకై 1980ల దశకమున ఈ అడవులలో జరిగిన పోరాటములు పెద్దలకు జ్ఞాపకముండును. వెల పెరిగెను. అయినను ఆ సొమ్ము చేతికి వచ్చు కాలమును గమనింపవలయును. అది తొలకరికి ముందు వచ్చును. వచ్చినంతనే పత్తివిత్తనముల అప్పునకు, పాత బాకీకి పోవును. శ్రావణ భాద్రపదములు వచ్చుసరికి ఇంట గింజ తగ్గును, చేత పైస యుండదు. సరిగా అప్పుడే వాగులు పొంగి, దోమలు పెరిగి, మలేరియా, విరేచనములు గూడెములలో దిగును. ఆకలిమాసమును జ్వరమాసమును ఒక్కటియే యగుట కాలధర్మము కాదు. కూలిలెక్క యే మాసమున తేలుచున్నదో దానిని బట్టి యుండును.

నేలసంగతి ఇంకను లోతైనది. నిజాము ప్రభుత్వము అడవులను రిజర్వు చేసి హద్దులు పాతినప్పుడు గోండులు తమ సాగునేలలనుండియే తొలగింపబడిరి. ఆ ఘర్షణలోనే 1940లో జోడేఘాటున కొమురం భీము కాల్పులలో ప్రాణము విడిచెను. పిమ్మట ప్రభుత్వము పంపగా వచ్చిన హైమెన్‌డార్ఫ్ పండితుడు మార్లవాయిలో నివసించి, గోండుల కష్టములకు మూలము భూమి చేయిజారుటయే యని వ్రాసెను. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభమాయెను. ఆ దశాబ్దమున వేలకొలది కుటుంబములకు పట్టాలు దక్కెను. ఆయనయే మూడు దశాబ్దముల పిదప తిరిగివచ్చి చూచి, 1982లో ప్రకటించిన గ్రంథమున, ఇచ్చిన భూములు అనేకము మరల అన్యుల పాలయిన వైనమును వ్రాసెను. 'ఒకటి బై డెబ్బది' యని ప్రజలు వాడుకగా చెప్పు 1970 నాటి నిబంధన అప్పటికే యున్నది. కాగితము గట్టిదే, కాని కాగితమును చదువగలవాడు గూడెమున లేనిచో అది ఎవని పెట్టెలోనిదో వాని చుట్టమగును.

భూమికిని రక్తమునకును ఏమి సంబంధమని యడుగువారికి జొన్నయే సమాధానము. గోండుల కుండలో పూర్వము ఉడికినది జొన్నగటుక, దానితోడు పప్పు, అడవికూరలు, ఇప్పపువ్వు. నల్లరేగడిలో జొన్న తరిగి పత్తి పెరిగినది. 2002లో బీటీ విత్తనమునకు అనుమతి వచ్చిన పిమ్మట ఆ మార్పు పరుగందుకొన్నది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆకలిచావును తప్పించిన పుణ్యము దానిదే, దానిని తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత. కాని మరపట్టిన బియ్యమున జొన్నలోనున్నంత ఇనుము లేదు. పప్పు కొనవలయును, కూర కొనవలయును. కొనుటకు పత్తి అమ్ముడుపోవలయును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున ఆరునెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికిని, పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగాను రక్తహీనత యున్నది. ఇనుపమాత్రలు పంచుట మంచిదే. ఆ మాత్ర మ్రింగిన చేయి మరునాడు ఏమి తినుచున్నదో అది వేరొక లెక్క.

ఇచ్చట నీటినిగూర్చి యొక మాట చెప్పక ముందుకు పోరాదు; ఏలయన మందులేకయే వ్యాధి నశించిన ఉదాహరణ నీటియందే దొరకును. నారికురుపు పేరు నేటి బాలురు ఎరుగరు. కాలికురుపునుండి మూరెడు పొడవైన పురుగు దినదినము కొంచెముగా వెడలును. దానిని పుల్లకు చుట్టుకొనుచు రోగి వారములకొలది మూలకూర్చుండును, ఆ వారములు తరచుగా సేద్యపు పని మిక్కుటముగానుండు వారములే. కురుపున్నవాడు దిగుడుబావిలో నీటికై కాలు పెట్టినంతనే పురుగు తన పిల్లలను నీట వదలును; నీటిలోని సూక్ష్మప్రాణి వానిని మ్రింగును; ఆ నీరు త్రాగినవానికి ఏడాదికి కురుపు పుట్టును. దీనికి టీకా లేదు, పురుగును చంపు మందు లేదు. చేసినదేమి? దిగుడుబావుల మెట్లు మూసిరి, చేతిపంపులు వేసిరి, నీటిని గుడ్డతో వడగట్టుట నేర్పిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రములలో వేరూనియున్న వ్యాధి 1996తో అంతమాయెను. 2000లో భారతదేశము దానినుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచెను. ఎవరు ఏ బావిలో నీరు తోడుకొనవచ్చునో కులము నిర్ణయించిన కాలమున, ఊరి మంచిబావి గిరక చప్పుడు వినుచు వెలివాడవారు వాగుచెలిమలకు పోయిరన్నది ఈ కథలో వ్రాయబడని పంక్తి. 2016 నుండి మిషన్ భగీరథ కుళాయిలు వచ్చినవి. వానాకాలమున గొట్టము పగిలిన గూడెము మరల చెలిమకే పోవును. విరేచనముల వార్త సాధారణముగా అచ్చటినుండియే వచ్చును.

ఇక గోదావరికి ఈవల కొస. ఎండిన ఆకు బస్తాలలో వచ్చి బీడీ కంపెనీ గోదామున దిగును. టేకేదారు ఆకును, తంబాకును తూచి యిచ్చును. ఇంటికి తెచ్చిన ఆకును తడిపి గుడ్డలో చుట్టి యుంచుదురు. తెల్లవారి అచ్చు పెట్టి కత్తెరతో కోసి, చాట ఒడిలో పెట్టుకొని, తంబాకు పోసి, చుట్టి, దారము కట్టి, మూతి మడచుదురు. వేయి బీడీలకింత యని కూలి. పద్మశాలి, ముదిరాజు, గౌడ, దళిత, ముస్లిము కుటుంబముల స్త్రీలు వేలకొలదిగా ఈ పనిపై నున్నారు. పిల్లను చూడవచ్చినవారు బీడీలపని వచ్చునా యని అడుగుట అనేక గ్రామములలో ఆచారముగా నుండెడిది.

దినమునకు 700 బీడీల చొప్పున ఏడాదికి 200 దినములు చుట్టినచో 1,40,000, ముప్పదియేండ్లకు 42,00,000. అన్ని మారులు బొటనవ్రేలును చూపుడువ్రేలును ఒక్కరీతి కదలవలయును, మెడ ఒక్కరీతి వంగవలయును, మోకాలు ఒక్కరీతి ముడిగియుండవలయును. మెడనొప్పి, నడుమునొప్పి, వ్రేళ్ల తిమ్మిరి, చూపు మందగించుట నలువదియేండ్లకే వచ్చుటలో వింతయేమి? తంబాకులోని నికోటిన్ చర్మము ద్వారా ఒంటిలోనికి దిగును. పొడి శ్వాసతో దిగును. ఆ గదిలోనే పొయ్యి, ఆ గదిలోనే ఊయల. పొగత్రాగుట ఆరోగ్యమునకు హానికరమను హెచ్చరిక కట్టపై ముద్రింపబడియున్నది, అది త్రాగువానికి. చుట్టిన స్త్రీ జన్మమున ఒక్క బీడీ త్రాగి యెరుగదు.

ఆమెను వైద్యుడు చూచినచో ఏమి వ్రాయును? 'విశ్రాంతి తీసికొనవలయును.' ఈ మందు ఏ అంగడిలోను దొరకదు. ఆకు చాలక తన సొమ్ముతో మరికొంత కొనిన దినము, బాగులేవని కట్టలు తీసివేయబడిన దినము, ఆమె కూలి తరిగిపోవును. ఆ తరుగును పూడ్చుటకు మరునాడు మరి రెండు గంటలు వంగును. మెడనొప్పికి మూలము మెడలో వెదకుట వ్యర్థము. వేయికింత యను లెక్కలో వెదకవలయును. పైగా ఇపుడు బీడీ త్రాగువారు తగ్గుటచే నెలలో సగము దినములకు మించి పని దొరకని యిండ్లు పెక్కు. ప్రజారోగ్యమునకు మేలైన మార్పే ఈ యింటికి ఆకలి తెచ్చుచున్నది. ధర్మసూక్ష్మ మనగా నిదియే. దీనికి తేలిక సమాధానము చెప్పువారిని నమ్మరాదు.

సిరిసిల్లలో ఒకే కప్పు క్రింద భార్య బీడీలపైనను, భర్త సాంచాలపైనను ఉండుట పరిపాటి. సాంచా చప్పుడు చెవిని, నూలుపొడి రొమ్మును తినును. పండ్రెండు గంటల రాత్రిపాళి నిద్రను తినును. 1990ల చివర మొదలుకొని అచ్చట నేతకార్మికుల ఆత్మహత్యలు దేశమంతట వినబడెను. అవి మనోవ్యాధుల లెక్కలో చేరినవో, అప్పుల లెక్కలో చేరినవో, వ్రాయువాని కలమును బట్టి యుండును. 2017 నుండి 2023 వరకు బతుకమ్మ చీరల నేతపని ప్రభుత్వము అచ్చట నప్పగించినది. ఆ పని యున్న నెలలలో చేతినిండ కూలి, లేని నెలలలో మరల బాకీ. మందుచీటి మార్చినది లేదు.

దీనికి ఎదురుగా సింగరేణిని నిలిపి చూడవలయును. బొగ్గుపొడి తంబాకుపొడికంటె మెత్తనిది కాదు. గనిలో ప్రమాదము అడవిలోకంటె తక్కువది కాదు. అయినను గోదావరిఖనిలోను, బెల్లంపల్లిలోను పర్మనెంటు కార్మికునకు క్వార్టరు కలదు, నల్లానీరు కలదు, కంపెనీ ఆసుపత్రి కలదు, నియమిత కాలమునకు వైద్యపరీక్ష కలదు, సంఘము కలదు. అదే బొగ్గు నెత్తు కాంట్రాక్టు కార్మికునకు వీనిలో కొన్ని లేవు, ఉన్నవి సగము. పొడి ఒక్కటియే, దానిని పీల్చు రెండు రొమ్ములకు నడుమ నున్నది ఉద్యోగపత్రము.

అన్నిటికిని దారిద్ర్యమే కారణమా యని ఆక్షేపింపవచ్చును. అది న్యాయమైన ఆక్షేపము. ఆదిలాబాదు గిరిజనులలో కనబడు సికిల్ సెల్ వ్యాధి తల్లిదండ్రుల రక్తమునుండి వచ్చునది. భూమి యున్నవానికిని వచ్చును. ఒక్కరినుండి మాత్రమే సంక్రమించినవానికి మలేరియానుండి కొంత రక్షణ యుండుటచే, మలేరియా ప్రబలిన నేలలలో అది తరతరములుగా నిలిచినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇద్దరినుండియు సంక్రమించినవాడు నొప్పులతో తల్లడిల్లును. కాని ఆ బిడ్డ నొప్పి వచ్చిన రాత్రి వాగు పొంగియుండెనా, ఎడ్లబండి దొరికెనా, రక్తము నిలువయున్న ఆసుపత్రి ఎన్ని క్రోసుల దూరమున నున్నది, ఇవి రక్తమునుండి వచ్చినవి కావు. 2023లో కేంద్రప్రభుత్వము ఈ వ్యాధి నిర్మూలనకు పూనుకొన్నది, పరీక్షలు జరుగుచున్నవి. వాగులపై వంతెనలు ఆ పద్దులో లేవు.

ధనము పెరిగినంత మాత్రమున ఆరోగ్యము పెరుగు ననుటయు పొరపాటే. పైనచెప్పిన సర్వేలోనే తెలంగాణమున నూటికి 60కి మించి కాన్పులు కోతతో జరిగినట్లు తేలినది. కరీంనగరు జిల్లాలో నూటికి 80 దాటినది. కొమురం భీము జిల్లాలో అందు సగమును లేదు. రెండింటి నడుమ దూరము ఒక పగటి ప్రయాణము. ఒకచోట కత్తి అవసరమైన స్త్రీకి అది అందదు, వేరొకచోట అక్కరలేని స్త్రీకిని తప్పదు. గల్ఫు నుండి మగడు పంపిన సొమ్ము తొలుత చేరునది పట్నపు ప్రైవేటు ఆసుపత్రికే. దీనికితోడు ముహూర్తపు కోతలు! జాతకశాస్త్రము శిశువు పుట్టినవేళను గణించుటకే గాని, గణించిన వేళకు శిశువును పుట్టించుటకు కాదు. వరాహమిహిరుని చేత పట్టుకొనినవారెవరును దీనికి శాస్త్రప్రమాణము చూపజాలరు.

ఇంతవరకు జరిగిన మేలునుగూర్చియు చెప్పవలయును. 1966లో బీడీ కార్మికుల చట్టము, 1976లో వారి సంక్షేమనిధి వచ్చినవి. 2015 నుండి తెలంగాణ ప్రభుత్వము బీడీకార్మికులకు నెలకు 1,000 రూపాయల పింఛను ఇచ్చి, 2019లో దానిని 2,016 రూపాయలు చేసినది. ఇది పీఎఫ్ ఖాతా యున్నవారికి. ఒకరి కార్డుపై తల్లి, కూతురు, కోడలు ముగ్గురు చుట్టిన యిండ్లలో ఖాతా ఒక్కతెకే. తక్కిన యిద్దరి మెడలు ఏ పుస్తకమునను ఎక్కలేదు. ఏ పేరున ఏ ఖాతా తెరువబడెనో చదివి చెప్పుటకు ఊరి గ్రంథాలయమున నొక బల్ల, నొక దీపము, అక్షరము వచ్చిన యొక బాలిక యున్నచో, అది ఔషధాలయములో సగమని చెప్పవచ్చును. తల్లి చదువుకొనినచో బిడ్డ బ్రతుకు అవకాశము పెరుగునని అనేక దేశముల లెక్కలు చెప్పుచున్నవి.

ఉట్నూరు ప్రాంతమున గిరిజనస్త్రీలు ఇప్పపువ్వుతో లడ్డులు చేయుచున్నారు. రక్తహీనత తగ్గుటకై వానిని ఆశ్రమపాఠశాలల బాలికలకు పెట్టుచున్నారు. కాలము చెడకమునుపే ఓషధులను దాచుకొను మన్న ఆత్రేయుని మాటకు ఇంతకంటె దగ్గరి యాచరణ ఈ సీమలో కానరాదు. ఆ పువ్వు వేసవి తొలిదినములలో చెట్టుక్రింద రాలును. దాని నేరుట ముగిసిన కొలది దినములకే తునికాకు చిగురు విచ్చును, కల్లములు తెరచుకొనును. పువ్వు నేరిన ఆ స్త్రీలే కట్టలు కట్టుటకు నార చీల్చుకొందురు.